మంగళం పాడిన తరువాత

కాప్రాలోని ఒక వృద్ధాశ్రమంలో ప్రతి శనివారం హార్మోనియం వాయిస్తూ పాడతాను. నాలుగింటికి మొదలుపెట్టి అయిదున్నరకు మంగళం పాడతాను. మంగళం కాకుండా ఎవరూ లేవకూడదు, అయ్యాక మళ్ళీ పాట ఎత్తకూడదు. మా భజన మండలిలో పెద్దలు నేర్పింది అది. ఆ నియమం నాకు బాగా నప్పింది. "పోయొస్తా" అన్న మాట నాకు నోట రాదు. నాతో ఆ మాట చెప్పి వెళ్ళినవాళ్ళలో తిరిగి రానివాళ్ళే ఎక్కువ. మంగళం అయిపోతే ఇక ఏమీ చెప్పనక్కర్లేదు. తల వంచుకుని హార్మోనియం తిత్తి మూసి, కొక్కేలు పెట్టి, ఆటో ఎక్కేస్తాను.

పోయిన నెల ఒక శనివారం, కొక్కేలు పెడుతుంటే రమణయ్యగారు లేచి వచ్చారు. శ్రీకాకుళం వైపు మనిషి. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా రిటైరయ్యారు. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు.

"సుమిత్రమ్మగారూ, ఆ నాట్ల పాట ఒక్కపాలి పాడతారేటి?"

"మంగళం అయిపోయింది గదన్నా. వచ్చే శనివారం మొట్టమొదలు అదే పాడతా."

"వచ్చేవారం అంటే..." ఆగారు. "పోనీ, ఒక్క చరణం?"

"వద్దన్నా. మళ్ళ మంగళం పాడాల్సొస్తది."

"కూకోవయ్యా రమణయ్యా," అంది వెనకనుంచి, అక్కడే ఉండే నూకరత్నం. "ఆవిడ పెట్టె మూసిందంటే బ్యాంకు తలుపు మూసినట్టే."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. నియమం అన్నది పైకి చెప్పిన మాట. ఒకే సాయంత్రం రెండుసార్లు విడిపోవడం నా వల్ల కాదు, అదీ అసలు సంగతి.

మరుసటి శనివారం గేటు దగ్గరే ఆయా జెరూషా కలిసింది.

"పోయినసారి రమణయ్య పెద్దాయన పొద్దటిసంది ఏం తినలేదమ్మా. పాట విన్నంక తింటా అన్నడు. ఏందో అనుకున్న. తెల్లారినంక చెప్పిండు, అది వాళ్ళావిడ పోయిన రోజంట. గా పాట ఆమె పాడుతుండెనంట."

"తిన్నడా మరి?"

"రాత్రికి జెర పాలు తాగిండు."

ఆ రోజు అన్నిటికంటే ముందు నాట్ల పాటే ఎత్తాను. బడికి పోనిదాన్ని, బస్సు బోర్డులు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. ఏ పాటైనా నోటుబుక్కు ఎదురుగా పెట్టుకుని చదువుకుంటూ పాడతాను. ఆ పాటకు మాత్రం పుస్తకం తెరవలేదు. రమణయ్యగారు అందరితోపాటు చప్పట్లు కొట్టారు.

"ఆ రోజే పాడాల్సుండె అన్నా," అన్నాను.

"ఆ రోజు ఆవిడ కోసం అడిగానండి. ఈ రోజు అందరితో పాటు విన్నాను. బాగుంది."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

అయిదున్నర అయింది. మంగళానికి చేతులు రాలేదు. ఇంకో పాట ఎత్తాను. తరువాత మరొకటి. ఎవరూ లేవలేదు. లోపల పళ్ళేల చప్పుడు మొదలైంది.

"మంగళం ఎత్తవేటమ్మా? ఉప్మా చల్లారిపోతంది," అంది నూకరత్నం.

రమణయ్యగారు కర్ర పట్టుకుని నా పక్కకు వచ్చి నిలబడ్డారు. "పాడేయండమ్మా. పాట కోసం ఎవరూ ఆకలితో ఉండక్కర్లేదు."

ఆయనే మొదలుపెట్టారు, శ్రుతి లేకుండా. నేను తిత్తి కదుపుతూ ఆ గొంతు వెంట వెళ్ళాను.

మంగళం అయిపోయింది. కొక్కేలు పెట్టలేదు. "అన్నా, ఇంకొకటి పాడమంటారా?" అన్నాను తల ఎత్తి.

ఆయన అప్పటికే భోజనాల గది వైపు నడుస్తున్నారు.