చాటలో కలిసిన గోళీలు

పక్కింటి మంగళ చెప్పిందని భవానీపేటంతా చెప్పుకున్న మాట ఇది: సిద్ధరాములు పొద్దున లేచింది మొదలు గీతలున్న చెంబులో ఉచ్చ కొలిచి నోటుబుక్కులో రాస్తున్నాడట, దవాఖానా వాళ్ళు అది లీటర్ల లెక్కన కొనుక్కుపోతున్నారట.

కొలిచేది నిజం. కొనేది అబద్ధం.

ఏడాది కింద మరమగ్గం మీదికి నూలు చుట్టిన బరువైన బీము ఎక్కిస్తుంటే జారి సిద్ధరాములు నడుం మీద పడింది. కాళ్ళు దక్కాయి గానీ, మూత్రసంచికి పోయే నరం చెడింది. ఆ సంచి ఊరికే ముడుచుకునేది. పావుగంటకోసారి పరుగు, అందకపోతే లుంగీ తడి. కార్ఖానా సేటు ఇంటికి పంపేశాడు. "నాలుగు గంటలు కదలకుండ నిలబడు, నీ సాంచెలు నీకే ఇస్త" అన్నాడు మరమగ్గాలు చూపించి.

తొంభై రెండులో డాక్టర్ లలిత ఒక మందు మీద పరిశోధన పెట్టింది. ముడుచుకో అని నరం పంపే కబురు సంచికి అందకుండా అడ్డుపడే మందు. ఉమ్మి ఊరడానికీ అలాంటి కబురే కావాలి కనుక, మందు పడితే నోరు ఎండుతుందని ముందే చెప్పింది. సగం సీసాల్లో మందు, సగం సీసాల్లో మందు లేని ఉత్త గోళీలు. ఎవరివి ఏవో తనకూ తెలియదంది. సిద్ధరాములు చేరాడు, రోజూ ఉచ్చ కొలిచి రాయాలన్నారు. అదే సందులోని పోచయ్య కూడా చేరాడు. అతనిదీ నడుం దెబ్బే.

వారంలో పోచయ్య నోరెండింది, లుంగీ ఆరింది. సిద్ధరాములు మూడు వారాలు అద్దంలో నాలుక చూసుకున్నాడు. పైనా తడే, కిందా తడే.

అతని భార్య యశోద, పోచయ్య భార్య చంద్రభాగ ఒకే అరుగు మీద బీడీలు చుడతారు. ఒకరికి తంబాకు తక్కువైతే ఇద్దరిదీ ఒక్క చాటలో పోసి చెరి సగం చేసుకోవడం వాళ్ళ అలవాటు. ఒక మధ్యాహ్నం అదే చాటలో రెండు సీసాలూ వంచారు.

"అన్నీ ఒక్క తీరే ఉన్నయి, ఏవి అసలువో ఎట్ల ఎరుక?" అంది యశోద.

"ఎరుకతోని ఏం పనే? కలుపు" అంది చంద్రభాగ.

నాలుగో నాడు సిద్ధరాములు అన్నం ముందునుంచి లేచి వచ్చాడు. "యశోదా, బుక్క దిగుతలేదే. నోరు కట్టెలెక్క ఎండింది."

అరుగు మీద చేతులు ఆగిపోయాయి. "ఏదీ, తెరువన్నా" అని చంద్రభాగ ఎగబడింది. ఆమె వెనక సందంతా వచ్చి తొంగిచూసింది.

"పెండ్లిపిల్లను చూస్తున్నరా ఏంది" అని నవ్వబోతే అతని పెదవులు పళ్ళకు అతుక్కున్నాయి.

సోమవారం కార్ఖానాలో నిలబడ్డాడు. గంట. రెండు. మూడు. యశోద గుమ్మంలోనే నిలబడి చూసింది. నాలుగు దాటాక, తెగిన పోగు ముడేసి, అప్పుడు నడుచుకుంటూ ఉచ్చకు పోయాడు. పరుగెత్తలేదు.

"రేపు పొద్దుగాల రా" అన్నాడు సేటు.

ఆ సాయంత్రమే నలుగురూ దవాఖానాకు పోయారు. సిద్ధరాములు నోటుబుక్కు చూసి డాక్టర్ మొహం వెలిగిపోయింది. ఆ సంబరంలో యశోద చాట సంగతి తానే చెప్పేసింది.

లలిత కలం కింద పెట్టింది. "ఎవరు ఏది మింగారో తెలియదు, ఇద్దరి లెక్కలూ పనికిరావిక. ఇద్దర్నీ తీసెయ్యాలి. మీలాంటి వాళ్ళకోసమే కదమ్మా ఇదంతా? సీసాలు ఇచ్చేయండి."

యశోద సీసాను కొంగులో ముడేసుకుంది.

"రేపు ఆయన సాంచె కాడ నిలబడాలె, డాక్టర్ బాయీ. నేనియ్య."