చెవికింపైన అలారం

ఇన్సులిన్ పంపు తయారుచేసే ఆ కంపెనీలో నెలల తరబడి దేనిమీద చర్చ జరిగిందయ్యా అంటే, రంగు మీద. నడుముకు తగిలించుకునే అగ్గిపెట్టెంత వస్తువు అది, సన్నటి గొట్టంతో మందును చుక్క చుక్కగా ఒంట్లోకి పంపుతుంది. గొట్టం మడతపడి మందు ఆగిందా, కొన్ని గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. ఆ సంగతి పక్కన పెట్టి, నీలమా బూడిదా అని పెద్దలంతా తలలు బద్దలు కొట్టుకున్నారు.

రంగు తేలాక కన్ను, మందు ఆగితే మోగే అలారం మీద పడింది. డిజైన్ విభాగం పెద్దను అందరూ చాటుగా సోకుల సార్ అంటారు. "ఆ అరుపేంటమ్మా, కుక్క తోక తొక్కినట్టు! చెవికింపుగా ఏదైనా పెట్టు," అన్నాడు ఆయన, పంపు చూసే ఇంజనీరుతో.

"నిద్రలో ఉన్నవాళ్ళు లేవాలి కదా సార్."

"నిద్ర చెడగొట్టే వస్తువు ఎవరు కొంటారు?"

ఆమెకు ఒళ్ళు మండింది. రోజూ సూదులతో విసిగిపోయిన కూతురికి, మొదటి పంపు నీదేనని మాటిచ్చింది. పిల్లది మొద్దు నిద్ర. ఎంత మొత్తుకున్నా వినేవాడు లేడు. చివరికి తీయటి పియానో రాగం ఒకటి పెట్టించారు.

డబ్బు పెట్టేవాళ్ళు చూడడానికి వచ్చిన రోజు సోకుల సార్ పంపులో మందుకు బదులు ఉప్పునీళ్ళు పోయించుకుని, పొట్టకు సూది గుచ్చించుకుని, పైన కోటు వేసుకుని వచ్చాడు. "కట్టుకున్నట్టే లేదు!" అంటూ కుర్చీలో కూలబడ్డాడు. బెల్టు కింద గొట్టం నలగడం ఆమె చూసింది. చూసి కూడా నోరు మెదపలేదు. చెబితే వినే మనిషైతే ఇంతదాకా వచ్చేదా?

"రోగి భద్రతే మా ఊపిరి," అని సార్ ఉపన్యాసం అందుకున్నాడు. కాసేపటికి గదిలో సన్నగా పియానో మోగింది. అతిథులు జేబులు తడుముకున్నారు. ఒకాయన తన ఫోను తీసి చూసుకుని, నాది కాదన్నట్టు తలూపాడు. మళ్ళీ మోగింది.

సార్ మొహం చిట్లించాడు. "ఎవరిదండీ ఆ ఫోను? కాస్త ఇంగితం ఉండాలి. కట్టేయండి!"

"మీదే సార్," అంది ఆమె. "ఫోను కాదు, పంపు. గొట్టం నలిగింది. ఇందాకటి నుంచీ మీ ఒంట్లోకి చుక్క దిగలేదు."

"ఉప్పునీళ్ళే కదా, కొంపేం మునగలేదు," అని ఆయన నవ్వబోయాడు.

"మీకు మునగదు సార్. మెలకువగా ఉండి, మీ పొట్టమీదే మోగుతుంటే మీరే పోల్చుకోలేదు. మా అమ్మాయి నిద్రలో ఉంటుంది."

సార్ పంపు విప్పి ఆమె చేతిలో పెట్టాడు. అదింకా మోగుతూనే ఉంది. దాన్ని ఎలా ఆపాలో ఆయనకు తెలియదు.