కాంచని చలికాలము

హేమంతము కడముట్ట వచ్చినను హిమవంతునకుఁ గనికరము పుట్టదాయెను. ఆకసమంతయు దూది యేకిన గదివలెఁ దెల్లనై దిక్కులు మాసిపోయి దేవదారువనములు హిమభారమునఁ గొమ్మలు వ్రేలవైచి నిలువఁగా శిఖరములనుండి దిగు తుషారశీకరవాహియైన యుత్తరానిలము లోయలం దూఱి యొకచోట నిలువనేరక గోడల సందులను దలుపుల బీటలను దడవికొనుచుఁ దిరుగుచుండెను. కనుమదారులన్నియు మంచునఁ బూడి యా పర్వతోత్సంగముననున్న చిన్నపల్లె లోకముతోడి పొత్తు తెగి యొంటరియై యుండెను. పట్టపగలయ్యును సూర్యుఁడు మొగము చూపలేదు.

అట్టి పల్లెలోఁ దెలుఁగుమాట వినఁబడుట వింతయే. గౌతమీతీరముననున్న యొక చిన్న సంస్థానమునకు రాజమాతయైన లచ్చమాంబ బదరీయాత్ర సేవించి మరలుచుఁ ద్రోవలో జ్వరపడి యచ్చట నాఁగిపోయెను. ఆమె తేఱుకొనునంతలో మంచు ముందుగానే విఱుచుకొనిపడి క్రిందికిఁ బోవుదారిని మూసెను. పరివారమంతయు విధిలేక కుంపటులచుట్టుఁ జేరి వసంతమునకై కాచుకొనియుండఁగాఁ గుదురుగాఁ గూర్చుండనేరనివాఁ డొక్కఁడే యుండెను. వాఁడు పేరయసాహిణి. గుఱ్ఱములను సాకి శిక్షించువారిని సాహిణులనుట యా సంస్థానమున వాడుక. రాజమాత కెంతయుఁ బ్రియమైన కాంచనియను గోడిగను అది పిల్లగా నున్ననాఁటనుండి పెంచి పెద్దచేసినవాఁ డాతఁడే.

ఆ యాడుగుఱ్ఱ మిప్పుడు చలికి వడవడ వణఁకుచు దగ్గుచుండెను. పేరయ లాయపుగోడల కన్నములన్నింటను మట్టి మెత్తి గవాక్షమునఁ గసవు కూరి తలుపున కడ్డముగాఁ దివాసి వ్రేలఁగట్టి దానిమీఁదఁ గంబళిపైఁ గంబళి కప్పెను. అయినను వణఁకు తగ్గలేదు సరికదా దగ్గు హెచ్చెను. ఆతఁడు నిప్పుకడఁ గూర్చుండఁబోయి లేచును. లాయమునకుఁ బోయి చూచి వెలికి వచ్చును. వచ్చినదారినే మరల లోపలికిఁ బోవును. తోడివారు భోజనమునకుఁ బిలిచిన నిదిగో యనును గాని పోఁడు. కాంచని దక్కదేమో యను భయ మాతని గుండెను బట్టి పీడించుచుండెను. ఆ భయమునకు దిగువ నంతకంటెఁ జేదైన తలఁపొకటి యుండెను. ఈ యాపద తన చేతులార తెచ్చినదే యని యాతఁ డెఱుఁగును.

మహానవమినాఁడు గుఱ్ఱములకుఁ బూజచేయుట వారి సీమ యాచారము. నాఁటి వేకువను వానిని వేఁడినీటఁ గడిగి మేనఁ బెరిగిన వెండ్రుకలు గత్తిరించి ముఖము చూచికొనుటకుఁ జాలునంత నిగ్గు తేలునట్లు మాలీసుచేసి పసుపుకుంకుమలతో నిలువఁబెట్టుదురు. ఎవ్వాని గుఱ్ఱ మెక్కుడుగా మెఱయునో వానికే సంస్థానమున మన్నన. ఆ యేఁటి శరత్తునందుఁ గొండగాలి సోఁకి కాంచని కనకచ్ఛాయ గల మేనఁ బొడవుగ దట్టముగ రోమము మొలచి యది యెలుఁగుబంటి తోఁబుట్టువువలెఁ గానవచ్చెను. పేరయకుఁ దల కొట్టివేసినట్లయ్యెను. ఆతఁడు నవమివేకువఁ దలుపు మూసికొని కత్తెరపట్టి యా రోమమునంతయు మేనికంటఁ గత్తిరించి కత్తిరించిన దానిని నిప్పునఁ బడవైచి చర్మమున నంటియున్న జిడ్డును సైతము పోవునట్లు తోమి తోమి మెఱుఁగు పెట్టెను. పల్లెవారు క్రిందిదేశపు గుఱ్ఱముల మేనితీరే యట్టిదనుకొనిరి. రాజమాత పఱపుమీఁదనుండియే చూచి మురిసెను. పేరయయు మురిసెను.

పిదప మంచు పడెను. తట్టువలనఁబడు పొట్టి కొండగుఱ్ఱములన్నింటికి మొలచిన రోమము కాంచని కేల మొలవదాయెనని రాజమాత యొకనాఁ డడిగెను. అప్పటికైన నున్నది యున్నట్లు చెప్పిన సరిపోయెడిది. కాని పేరయ తడుముకొనక మొలచిన మాట నిజమే కాని యీ కొండగడ్డి పడక యూడిపోయినదని పలికెను. ఆ యబద్ధమునకుఁ గాళ్లు వచ్చి పల్లెలో నిల్లిల్లు తిరిగెను. కాంచనికి రోమము రాల్చు తెగులు పట్టినదని జనులు బెదరి దానిని నీటితొట్టిచెంతకు రానీయరైరి. గడ్డి యమ్మిన రూపదేయి తన తట్టువలను మీఁదిదొడ్డికిఁ దోలుకొనిపోయెను. ఆమె విధవ. ఆ తట్టువలపై మూటలు మోయించి కాలము గడపునది. కోపపుమనిషి యని పేరు. గడ్డికి వచ్చిన నింద యామె చెవిని బడినను ఆమె యెవ్వరితోడను వాదమునకుఁ బోలేదు. ఊరకే మొగము చాటుచేసెను.

పేరయ యిట్లు లోపలికి వెలికిఁ దిరుగుచున్న నాఁటి మధ్యాహ్నమునఁ గాంచని మేఁత మానెను. పేరయ ముందుంచిన యులవగుగ్గిళ్లను వాసన చూచి మొగము త్రిప్పుకొనెను. చెవులను దాఁకి చూచిన నవి ఱాతివలెఁ జల్లఁగా నుండెను. గుఱ్ఱపుచెవులు మొదలంట చల్లబడినఁ బ్రమాదమని యాతఁడు తండ్రికడ నేర్చినాఁడు. మఱి యాతని కాలు నిలువలేదు. మోఁకాలిబంటి మంచునఁ బడుచు లేచుచు మీఁదిదొడ్డికిఁ బోయెను.

అచ్చట రూపదేయి తట్టువలు కప్పులేని యావరణమునఁ దలలు వంచి గుంపుగా నిలిచియుండెను. వాని వీఁపులమీఁద మంచు పేరుకొని కరఁగకయుండెను. ఇంత నిర్దయురాలు గలదా యని యాతఁడు మనసున ననుకొనెను. ఉత్తరదేశపు గుఱ్ఱపువర్తకులవలన నేర్చిన హిందూస్థానీలో నాతఁడు తన కష్టము చెప్పుకొనఁగా నామె చేతిలోని గడ్డిమోపు దింపకయే యాలకించెను.

“అచ్చటనే నిలువుము సాహిణీ. నీ గుఱ్ఱపుతెగులు వీని కంటినచో నేనే మూటలు వీఁపునఁ గట్టుకొని కొండలెక్కవలయును. ఒక్కమాట చెప్పుము. నీ గోడిగ వీఁపున మంచు నిలుచునా కరఁగునా?”

పడినది పడినట్లే కరఁగి కాఱునని పేరయ చెప్పెను. అది జాతిగుఱ్ఱపు వేఁడి యని చెప్పునప్పు డాతని గొంతున నించుక గర్వమును దోఁచెను.

“అది వేఁడి కాదు. వేఁడి పాఱిపోవుట. వీని వీఁపున మంచు నిలిచియున్నదన్న లోపలిది లోపలనే యున్నదన్నమాట.”

మఱియు నామె చెప్పినదేమనఁగా మూసిన లాయమున నూపిరి యావిరియై కప్పునకుఁ దగిలి మరల మేనిపైఁ జినుకులుగా రాలుననియు దానఁ దడిసిన కంబళి చలిని బోఁగొట్టదు సరికదా పట్టి యుంచుననియు గుఱ్ఱమునకుఁ గడుపులోని గడ్డియే కుంపటి గనుక నది యెడతెగక యుండవలయుననియు నన్నింటికంటె మిన్నగాఁ దోడిజంతువుల నడుమ నిలిచిన నొకదాని వేఁడి యొకదానికిఁ గాపుగా నుండుననియు. తెగులే లేకున్నచోఁ దన తట్టువల నడుమ నుంచనిచ్చియుందు ననియుఁ దెగులు పట్టినదానిని మాత్రము దొడ్డి త్రొక్కనీయననియు ముగించి యామె వెనుదిరిగెను.

పేరయ వచ్చినదారిని బట్టెను. నడుమ నిలిచెను. మరల వెనుకకు నడచెను. మరల నిలిచెను. నోటికడకు వచ్చిన మాటను దాతతండ్రులనాఁటి సాహిణితన మడ్డగించుచుండెను. చెప్పినచోఁ గత్తెర పట్టిన మూఢుఁడగును. అబద్ధమాడిన కల్లరియు నగును. చెప్పకున్నచోఁ గాంచని చచ్చును. ఈ మూఁడింటినడుమ నాతఁ డా మంచులోఁ గాలు గాలిన పిల్లివలెఁ దిరిగి తిరిగి తుదకు దొడ్డివాకిటికి వచ్చి తల యెత్తక పలికెను.

“అక్కా, అది తెగులు కాదు. వెండ్రుక లూడలేదు. నేనే కత్తిరించితిని.”

రూపదేయి చేతిలోని గడ్డిమోపును నేలఁ బడవైచెను. ఆమె కన్నులు జేవుఱించెను.

“మగఁడు పోయిన పిదపఁ జఱియలఁ బట్టుకొని వ్రేలాడి కోసిన గడ్డి యది. దానిపై నింద మోపితివి. నీ వా మాటను ఏ వాకిటఁ బలికితివో యా వాకిటనే దీనినిఁ బలుకుము. అంతదాఁక నీ గుఱ్ఱమును దొడ్డికి రానీయను.”

పేరయ క్రిందికి దిగెను. ఆమె వెనువెంటనే వచ్చెను. దారిలో నొక్కమాఱు లాయపుతలుపు తెఱచి చూడఁగాఁ గాంచని ముందుకాళ్లు మడఁచి కూలఁబడి యుండెను. కప్పునుండి యామె చెప్పినట్లే చినుకులు దాని మెడమీఁద రాలుచుండెను. అది యాతనిఁ జూచి లేవఁబోయి లేవలేకపోయెను. ఆతనికి సాహిణితనము మఱి జ్ఞప్తికి రాలేదు.

లచ్చమాంబ కుంపటిచెంతఁ గూర్చుండి యుండెను. పరివారమంతయు నుండఁగాఁ బేరయ చేతులు జోడించి కత్తెర మొదలు గడ్డిమీఁది నిందవఱకు దాఁచక చెప్పెను.  తిట్టునని యాతఁ డనుకొన్న యా వృద్ధరాజ్ఞి తిట్టక యిప్పుడది బ్రదుకునా యని యడిగెను. ఆతఁడు వాకిలివైపు తిరిగి యా ప్రశ్నను హిందూస్థానీలోఁ జెప్పెను. గడపవెలుపల నున్న రూపదేయి గాలియు మేఁతయుఁ దోడును దొరికినచో బ్రదుకవచ్చును గాని మాట యీయలేననెను.

లచ్చమాంబ యిట్లనెను.

“పేరయా, నాఁడు దాని మేని నిగ్గు చూచి మురిసినదానను నేను. ఆ తప్పులోఁ బాలు నాకుండనిమ్ము. కల్ల మాత్రము నీదే. మంచు కరఁగుదాఁకఁ గాంచని యీమె చేతిది. ఈమె చెప్పినది నీవు చేయవలయును.”

పేరయ సాష్టాంగపడెను. రూపదేయి యాతనిని క్షమించితి ననలేదు. గుఱ్ఱమును లేపుట కిద్దఱు మనుష్యులను రమ్మని మాత్రము చెప్పి ముందు నడచెను.

తడికంబళు లూడఁదీసి గడ్డితో మేను పొడిగా రుద్ది మేఁకబొచ్చుతో నేసిన యొక పొడికంబళిని గట్టి డెక్కలక్రింద మంచు గడ్డకట్టకుండఁ గొవ్వు రాచి మెల్లమెల్లఁగాఁ గాంచనిని మీఁదికి నడిపించిరి. కొండతట్టువలు రాచబిడ్డ వచ్చినదని మర్యాద చేయలేదు. ముసలితట్టువ యొకటి దాని భుజమును గఱచెను. ఇంకొకటి వెనుకకాలు విసరెను. పేరయ దడి దూఁకఁబోఁగా రూపదేయి యాతని చెయ్యి పట్టి యాఁపెను. వాని పొందిక వానికిఁ దెలియునట. ఆతఁడు దడిచుట్టుఁ దిరిగెను. ఏ వైపునుండి చూచినను వేఱొక వైపునుండి చూచినఁ గాంచని నిలిచిన తీరు బాగుగాఁ దెలియునేమో యని తోఁచుచుండెను. గాలి వీచినప్పుడెల్ల గుంపు కొంచెము కదలి యొత్తిగిలుచుఁ గొంతతడవునకుఁ గాంచని యా బొచ్చుమేనుల నడిమిదయ్యెను. వణఁకు తఱిగెను. ప్రొద్దు వాలుచుండఁగా నది తల వంచి యొక గడ్డిపోచ లాగెను. మఱియొకటి లాగెను. ఆ నమలుచప్పుడు వినఁగానే పేరయ కన్నుల నీరు నిండెను.

ఆతఁ డాఁపుకొనలేక దడివెలుపలనుండి కాంచనీ యని పిలిచెను. ఎన్నఁడు పిలిచినను మేఁత విడిచి పరుగెత్తి వచ్చునట్టిది చెవి యొకటి యిటు త్రిప్పి యాతనివంకఁ గన్నెత్తి చూచి మరలఁ దల వంచికొని గడ్డి మేయసాగెను. పేరయకు నొచ్చెను. నొచ్చిన చోటనే చల్లఁగాను దోఁచెను. పిలిచినంతనే వచ్చుట తన ప్రేమకు ఫలమని యాతఁ డిన్నాళ్లును దలఁచెను. పిలిచినను రానక్కఱలేనంత సుఖమున నది యుండవలయునని కోరుటయే సాకువాని ధర్మమని నేఁడు తెలిసెను. రెండవమాఱు పిలువఁబోయి నోరు మూసికొని తన యలికిడియు దానికి వినఁబడకుండ దడికి దూరముగాఁ దొలఁగి నిలిచెను.