సిగ్నల్ దగ్గర ఆగని ఇంజను

కారెక్కగానే నేను చేసే మొదటి పని గేరు పక్కనున్న చిన్న బటన్ నొక్కడం. దాని మీద గుండ్రంగా తిరిగిన బాణం, మధ్యలో ఇంగ్లీషు 'ఎ' అక్షరం ఉంటాయి. నొక్కితే పసుపుపచ్చ లైటు వెలుగుతుంది. అది వెలిగితే సిగ్నల్ దగ్గర బ్రేకు మీద కాలుంచినా ఇంజను ఆగదు. వెలగకపోతే ఎర్రదీపం పడ్డ ప్రతిచోటా తనంతట తాను ఆగిపోయి, కాలు తీశాక మళ్ళీ లేస్తుంది. పెట్రోలు ఆదా అట. ఈ ఆలోచన ఎవరి బుర్రలో పుట్టిందో గానీ, ఆ మహానుభావుడు మా ఆయన పక్కన కూర్చుని డ్రైవింగ్ నేర్చుకుని ఉండడు.

నేను నేర్చుకున్నాను. పాత కారు మీద, పెళ్ళయిన కొత్తలో. ఇంజను ఆగిపోయినప్పుడల్లా ఆయన అరిచేవారు కాదు. అరిచినా బాగుండేది, నేనూ ఓ మాట అనేదాన్ని. కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆపేశావా" అనేవారు మెల్లగా. ఆ మాట నా కడుపులో ఉండిపోయింది. పదిహేనేళ్ళయినా కాళ్ళ కింద చప్పుడు ఆగిందంటే చాలు, నేనేదో తప్పు చేశానని ఒళ్ళంతా బిగుసుకుంటుంది.

అత్తయ్యకు మోకాలి ఆపరేషనయ్యాక వారానికి మూడు రోజులు వ్యాయామానికి ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. ఆయనకు ఆఫీసు బస్సుంది కాబట్టి కొత్త కారు నా చేతికొచ్చింది. "నీది ఎలాగూ సగం పూట ఉద్యోగమేగా" అన్నారు. లైబ్రరీలో మా పెద్దసారు కూడా సెలవు చీటీ మీద సంతకం పెడుతూ అదే మాటన్నారు. సగం పూట ఉద్యోగం చేసే మనిషికి రెండు పూటలా ఇంటిపని ఉంటుందని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. అయినా నేను గొణగలేదు. ఆస్పత్రి గుమ్మం దగ్గర అటెండరు అత్తయ్యను చక్రాల కుర్చీలో లోపలికి తీసుకెళ్ళి, మళ్ళీ కారు దాకా తెచ్చి ఎక్కించేవాడు. మధ్యలో నాకు నలభై నిమిషాలు మిగిలేవి. ఆ నలభై నిమిషాలూ ఇంజను ఆపకుండా, అద్దాలు దించుకుని, నది పక్క రోడ్డు మీద ఊరికే కారు నడిపేదాన్ని. ఎక్కడికీ కాదు. పెళ్ళయ్యాక ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేని సమయం దొరకడం నాకదే మొదలు.

మొదటి వారంలోనే పెద్ద కూడలిలో ఇంజను ఆగింది. అది కారు చేసే పనేనని అప్పటికి తెలియదు. కంగారులో స్టార్టు బటన్ నొక్కితే ఉన్నదీ ఆరిపోయింది. వెనక హారన్లు. ఒకాయన దిగి వచ్చి, "డ్రైవర్ని పెట్టుకోండి మేడమ్" అని సలహా ఇచ్చి వెళ్ళాడు. సాయంత్రం అత్తయ్య ఆ సంగతి నవ్వుతూ కొడుకుతో చెప్పేసింది. ఆయన నవ్వలేదు. "అది దానంతటదే ఆగుతుంది, దాని జోలికెళ్ళకు. కంపెనీవాళ్ళు తెలివితక్కువవాళ్ళా? ఒకటో తారీఖు నుంచి డ్రైవర్ని పెడదాం. నీకెందుకీ శ్రమ" అన్నారు. పక్కన కూర్చున్న అత్తయ్యకే భయం లేదు, కందకు లేని దురద కత్తిపీటకెందుకు? అది మనసులో అనుకున్నమాటే. పైకి, "అలవాటైపోతుందిలెండి" అన్నాను.

బటన్ సంగతి ఆ తర్వాత నేనే కనిపెట్టి నొక్కాను. ఆ రోజంతా హాయిగా నడిపాను. తర్వాతిసారి ఎక్కి చూస్తే లైటు ఆరి ఉంది. ఆయన రోజూ సాయంత్రం వెళ్ళి కారు అద్దాలు తుడిచి, కాసేపు లోపల కూర్చుని వస్తారు. ఇంకెవరు ఆర్పుతారు? మళ్ళీ నొక్కాను. మళ్ళీ ఆరింది. ఇలా మూడు వారాలు, ఇంట్లో ఒక్క మాట లేకుండా. పొద్దున పేపరు చదువుకుంటున్న మనిషిని చూసి, ఏమీ ఎరగనట్టు ఎలా కూర్చున్నారో అనుకునేదాన్ని. నాకు ఆశ్చర్యం మాత్రం వెయ్యలేదు. నేను సర్దిన వంటింటి అరలు ఆయన 'వీలుగా' మళ్ళీ సర్దుతారు. నేను మడతపెట్టిన దుప్పటి విప్పి మళ్ళీ మడతపెడతారు. నలుగురిలో నేను మొదలుపెట్టిన కబురు, "అలా కాదు" అని ఆయన పూర్తిచేస్తారు. వీటి ముందు ఒక బటన్ ఎంత?

కారు మొదటి సర్వీసు రోజు మెకానిక్‌ని అడిగాను, ఈ లైటు ఎవరూ ఆర్పకుండా ఏమైనా చెయ్యొచ్చా అని. జుట్టు నెరిసిన మనిషి. "ఎవరో ఆర్పడమేంటమ్మా? బండి ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే అదే మొదటికొస్తుంది. దాని తయారీయే అంత. ఎక్కినప్పుడల్లా నొక్కుకోవాలి" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. ఇంటికి రాగానే అత్తయ్యకు అంతా చెప్పాను. మూడు వారాలు మీ అబ్బాయిని ఉత్తపుణ్యాన తిట్టుకున్నానత్తయ్యా అన్నాను. ఆవిడ నోరు తెరిచి నన్నే చూసింది.

"వాడు కాదా? నేనూ వాడే అనుకున్నానే! నువ్వు రోజూ నొక్కడం చూస్తూనే ఉన్నా. ఆవేళ నోరుజారి నీ మీదికి తెచ్చానని, ఓ ఆదివారమంతా వాడికి దొరక్కుండా తాళం నా దిండు కింద పెట్టుకున్నా. సోమవారం చూస్తే మళ్ళీ ఆరే ఉంది. ఇంకో తాళం చేయించాడేమో అనుకున్నా."

ఇద్దరం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాం. తర్వాత అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. కన్నతల్లి కూడా, ఊరికే అనుమానించడం కాదు, ఆయనే చేశారని నమ్మేసింది. ఆ ముడతలు పడ్డ వేళ్ళను చూస్తే నాకామె మీద ఎప్పుడూ లేనంత ప్రేమ కలిగింది.

సాయంత్రం ఆయన, "రేపు డ్రైవర్ వస్తాడు, మాట్లాడేశాను" అన్నారు. అప్పుడు చెప్పాను, బటన్ సంగతి మొత్తం. మొదట నవ్వారు. నవ్వు మధ్యలో ఆగిపోయింది.

"మూడు వారాలు నేనే చేస్తున్నానని అనుకున్నావా? నేనలాంటివాణ్ణా?"

"కాదనుకుందామనే చూశానండీ" అన్నాను. "అలా అనుకోవడానికి, నేను చేసింది మీరు మార్చకుండా వదిలేసిన రోజు ఒక్కటీ గుర్తు రాలేదు."

ఆయన తల్లివైపు చూశారు. "నేనూ నువ్వేననుకున్నాన్రా" అంది ఆవిడ మెల్లగా.

ఆయన ముఖం చిన్నబోయింది. ఏ తప్పు చేశానో తెలియని మనిషి ముఖం అది. నాకు జాలేసింది. ఎందుకంటే ఆ ముఖం నాకు బాగా తెలుసు, ఇన్నేళ్ళూ నాదే. వెళ్ళి పక్కన కూర్చున్నాను. "మరి డ్రైవర్‌కి ఏం చెప్పను?" అన్నారు.

"ఫోనిటివ్వండి, నేను చెబుతాను."

అవతల పెద్దాయన గొంతు. రేపు రావద్దన్నానని నొచ్చుకున్నట్టున్నాడు. "అదేంటమ్మా, సారు ఖాయమన్నారే" అన్నాడు.

"సారు తెలియక అన్నారండీ" అన్నాను. "మా ఇంట్లో కారు నడిపే మనిషి ఉంది."