నది నడుమ చింతగింజ

శాబాదు బండల మీద ముగ్గుపిండి నది.

తెల్లగా, వంకరగా... గోడ నుంచి గుమ్మం దాకా.

నది నడుమ ఒక చింతగింజ.

సుమంగళ దాన్ని చూస్తుంది. చూపు తిప్పుకుంటుంది. ఉందో లేదోనని మళ్లీ చూస్తుంది.

ఆ గింజ పేరు లీల.

పోయిన ఆదివారం మనవరాలు సాయలి, ఆమె నేస్తాలు ఈ నేల మీదే ముగ్గుపిండితో నది గీసి ఆట ఆడారు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక గింజ పెట్టుకుని, తలా ఒక మనిషై ఆ కథలో తిరుగుతారు. ఒక పిల్ల తక్కువైతే నాయినమ్మను కూర్చోబెట్టారు. నీ మనిషికి పేరు పెట్టమన్నారు.

లీల, అంది సుమంగళ. ఎందుకో చెప్పలేదు.

లీల ఒంటరిగా పడవెక్కింది. అక్కడికి ఆట ఆగింది.

అప్పటి నుంచి ఆ గదిలో చీపురు పడలేదు. ఊరికి పోయిన మనిషి చేరిన కబురు అందేదాకా ఇల్లు ఊడ్వకూడదు.

"ఊడ్వద్దట, ఫ్యాన్ ఎయ్యద్దట..." కింద దుకాణంలోంచి అన్నానికి వచ్చిన కొడుకు వెంకట్రావ్ నదిని దాటుతూ చెమట తుడుచుకున్నాడు. "చింతగింజకు గింత మర్యాదనా అమ్మా? నాకెన్నడన్న చేసినవా?"

"నువ్వు దినాం పోతవ్, దినాం అస్తవ్. నీకేంది రా."

ఆవలి ఒడ్డున ఏముంది?

సాయలి వారమంతా వెతికింది. ఆటను తయారుచేసినవాళ్లు ఆటలోని లోకం గురించి పుస్తకం వేశారట. అది దొరకదు. నెట్‌లో దొరికేవన్నీ ఆడేవాళ్లు అల్లుకున్నవి. ఆవలి రేవు కాలిపోయిందని ఒకరు. వరద ముంచిందని ఒకరు. లేదు, దీపాలతో వెలుగుతోందని ఇంకొకరు.

"అవన్ని ఎవరో రాసుకున్నయి నాయినమ్మా. అసలుది దొరకాలె."

మూడు కబుర్లు. అరవై ఏళ్ల కిందటా అంతే...

అక్క లీల కొండ మీది మాహూర్ జాతరకు పోయింది. తిరిగి రాలేదు. కిన్వట్ బస్సెక్కిందని ఒకరు. కొండ మెట్ల మీద చూశామని ఒకరు. ఒకరైతే తల దించుకున్నారు.

అక్క గడప దాటగానే ఇల్లు ఊడ్చింది సుమంగళే. పదకొండేళ్ల పిల్ల. బండ మీద అక్క పాదాల తడి ఇంకా ఆరలేదు.

ఆ తడినీ ఊడ్చేసింది.

ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. తనే తనను అనుకుంటూ ఉంది.

"మిళాలం! దొరికింది నాయినమ్మా!" సగం మరాఠీలో అరుస్తూ సాయలి ఫోను తెచ్చింది.

ఇంగ్లీషు పుస్తకం. ఫోను దాన్ని తెలుగు చేసింది.

"నువ్వు సదవకు. నేనే సదువుకుంట."

దుకాణంలో పొట్లాలు కట్టే కాగితాల మీద తనంతట తానే అక్షరాలు కూడబలుక్కున్న మనిషి. వేలు ఆనితే పేజీ జారిపోతోంది. ఆనించకుండా, గాలిలో వేలు నడిపింది.

నది పేరు. నది లోతు. పడవల సంగతి.

ఆ తర్వాత—

'ఆవలి ఒడ్డు గురించి మేమేమీ రాయలేదు. అక్కడ ఏం జరిగిందో ఆడేవారే నిర్ణయించుకోవాలి.'

మళ్లీ చదివింది.

"గంతేనా?"

"గంతే. మన చేతుల్నే పెట్టిండ్రు." సాయలి పక్కన కూలబడింది. నేస్తాలు మెట్లెక్కుతున్న చప్పుడు. "నీ మనిషి గదా నాయినమ్మా. నువ్వే చెప్పు. చేరిందా?"

చేరింది... ఒక్క మాట. ఆ మాట అంటే చీపురు పట్టాలి. నదిని ఎత్తేయాలి. లీలను గింజల డబ్బాలో వేసి మూత పెట్టాలి.

చేరలేదు... ఆ మాట నోటికి రాదు.

మూలన చీపురు. చేయి చాస్తే అందుతుంది.

ఎవరో తలుపు తీశారు. గాలి వచ్చింది. నది అంచు కొంచెం చెదిరింది.

సుమంగళ వంగి కొంగు అడ్డం పట్టింది.

కొంగు వెనక తెల్లటి నది.

నది నడుమ... చింతగింజ.