వెనక బంపరు మీద పసుపు చుక్క

మూడు కార్లూ అచ్చం ఒక్కలాగే ఉండాలి. ఆర్డిత్ ఉద్యోగం అదే. వినడానికి ఇంతే గానీ, చేసిచూస్తే తెలుస్తుంది ఎవరికైనా, చేతులు పడిపోయే పని.

సినిమా చూసేవాళ్ళకి కనబడేది ఒక్క కారే. నేరేడుపండు రంగు, బారెడు బానెట్టు, దాని కింద ఎనిమిది సిలిండర్ల ఇంజను. హీరో దాన్లోనే తిరుగుతాడు, దాన్లోనే కాలవ దూకుతాడు, దాన్లోనే పారిపోతాడు. స్టూడియో వాళ్ళు పేపర్లకి కూడా ఉన్నది ఒక్కటే బండి అని చెప్పుకున్నారు. ఒట్టి బూటకం. హీరో మొహంతో పాటు దగ్గర్నుంచి తీసేది ముఖం కారు. దానికి గీత పడితే ఉద్యోగాలు ఊడతాయి. మలుపుల్లో గిర్రున తిప్పి టైర్లు కాల్చేది తిప్పుడు కారు. మూడోది గెంతుడు కారు. దాని బతుకంతా ఒక్క గెంతు కోసమే, గెంతాక తుక్కు కిందికే. మొదటిదాని ఎడమ తలుపు మీద మూడు గీతలుంటే మిగతా రెంటికీ అవే మూడు గీతలు అంతే పొడుగున గీయాలి. ఒకదాని మీద దుమ్ముంటే మిగతావాటి మీదా అంతే దుమ్ముండాలి. ఆర్డిత్ ముల్తానీ మట్టిని మెత్తగా జల్లించి, బ్రష్షుతో అద్ది, నోటితో ఊది మరీ దుమ్ము పట్టించేది. పోయిన సినిమాలో ఒక తలుపు మీద గీత ఒకటి ఎక్కువుందని ఊరూరి నుంచీ ఉత్తరాలొచ్చాయి. జనానికి పనీపాటా లేదా అని తిట్టుకుంది గానీ, ఆ ఉత్తరాలు ఆమెకి బాగా గుచ్చుకున్నాయి.

టాఫ్ట్ ఊరికి పది మైళ్ళ అవతల, ఎండిపోయిన కాలవ మీద నుంచి, ఏటవాలుగా కట్టిన చెక్క ర్యాంపు ఎక్కించి, ఆ రోజు గెంతు తియ్యాలి. కౌంటీ అధికారులు రోడ్డుని నాలుగింటి దాకా మాత్రమే మూసి ఇచ్చారు. అక్టోబరు అయినా ఎండ మాడ్చేస్తోంది. పొద్దున్నే ఆర్డిత్ బ్రష్షు పట్టుకుని బండ్ల చుట్టూ తిరుగుతూ, ఒకదాని వెనక బంపరు కింది అంచున బఠాణీ గింజంత పసుపు చుక్క చూసింది. ఒళ్ళు మండింది. ఎవడో చెయ్యి కడుక్కోని వెధవ అంటించి పోయాడనుకుని, గుడ్డకి థిన్నరు అద్ది, ఆనవాలు లేకుండా తుడిచేసింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర క్లీట్ బీన్సు పళ్ళెం పట్టుకుని వచ్చి ఆమె ఎదురుగానే కూచున్నాడు. గెంతేది అతనే. మూడేళ్ళ కిందటి దాకా ఆమె మొగుడు కూడా అతనే.

"ఇవాళ నేను పోయాననుకో, ఏడుస్తావా?" అన్నాడు నవ్వుతూ.

"ఏడవనూ? వారం రోజులు కూచుని దుమ్ము పట్టించిన బండి. తప్పకుండా ఏడుస్తా."

"బండి కోసమా!"

"మరి నీ కోసమా? నీ కోసం ఏడవాల్సింది కాపురంలోనే ఏడ్చేశాను, ఇక మిగల్లేదు."

పక్కన కూచున్న లోంజో కిసుక్కున నవ్వాడు. అరవై దాటిన మెకానిక్కు. క్లీట్ గెంతిన ప్రతి బండినీ అతనే తయారు చేశాడు. "మీ ఇద్దరి పోట్లాట వింటే గానీ నాకు అన్నం అరగదర్రా," అంటూ మొక్కజొన్న రొట్టె తుంచుకున్నాడు. అతని బొటనవేలికి పసుపు రంగు అంటుకుని ఉంది. ఆర్డిత్ చూసింది కానీ పట్టించుకోలేదు.

"బరువు పెట్టావా బాబాయ్?" అన్నాడు క్లీట్.

"ఏడు వందల పౌన్ల సీసం. డిక్కీలో పేర్చి, మూతని వెల్డింగ్ కూడా చేసేశా. నువ్వెళ్ళి కూచోవడమే తరువాయి."

ఈ బరువు సంగతి బయటివాళ్ళకి తెలీదు. ఇంజనుండేది ముందు కదా, గాల్లోకి లేచిన బండి ముక్కు వాలి, తిన్నగా నేలలో దిగబడుతుంది. అలా కాకుండా ఉండాలంటే తోకలో బరువుండాలి. బరువుంటే తోక కిందికి దిగి కెమెరాకి దొరికిపోతుంది కనక గట్టి స్ప్రింగులు వెయ్యాలి. అవి వేశాక పక్కపక్కన పెడితే తిప్పుడు కారేదో గెంతుడు కారేదో లోంజో కూడా చెప్పలేడు. లోపలి ఇనప చట్రాలు ఒకటే, బెల్టులు ఒకటే, రెండు డిక్కీల మూతలూ వెల్డింగ్ చేసినవే.

క్లీట్‌కి ఒక పట్టింపుంది. గెంతబోయే బండిని ముందుగా తోలడు. తోలితే అందులో ఉన్న అదృష్టమంతా ఖర్చయిపోతుందంటాడు. ట్రక్కు డ్రైవర్లెవరో బండిని తెచ్చి బయల్దేరే గీత దగ్గర నిలబెట్టాలి, ఇతను ఎక్కి బెల్టులు బిగించుకోవాలి, కిటికీకి వల కట్టుకోవాలి. వల కట్టాక ఎవ్వరూ అతనితో మాట్లాడకూడదు. అసిస్టెంట్ డైరెక్టర్ హాల్పర్న్ చేతిలో ఎర్రజెండా కిందికి దిగితే కదలడమే.

మూడున్నరకి అందరూ కాలవ గట్టుకి వెళ్ళిపోయారు. ఆర్డిత్ పత్తి గోడౌను వెనక, పని లేకుండా మిగిలిపోయిన తిప్పుడు కారు దగ్గర ఉంది. గెంతు చూడనని ఆమె ఎప్పుడో ఒట్టు పెట్టుకుంది. కాపురం చేసిన ఆరేళ్ళూ ప్రతి గెంతూ చూసింది, ఇక చాలనుకుంది. విడిపోవడానికి అదీ ఒక కారణమే. వీడితో కాపురం నావల్ల కాదని వదిలేసింది. అంతేగానీ వీడు చావాలని ఏనాడూ కోరుకోలేదు.

కాళ్ళు పీకుతున్నాయని కారు తోక మీద ఎగిరి కూచుంది.

కారు కదల్లేదు.

తిప్పుడు కారు స్ప్రింగులు మెత్తనివి. పొద్దున మోకాలు ఆనిస్తేనే ఊగింది ఒక కారు. దిగి, రెండు చేతులతో తోకని బలంగా అదిమింది. గోడని అదిమినట్టే ఉంది. అరచేత్తో డిక్కీ మూత మీద కొట్టింది. ఖాళీ డిక్కీ డబడబ మోగాలి. మోగలేదు.

సీసం ఇక్కడుంది.

లోంజో బొటనవేలు గుర్తొచ్చింది. ఆ వెంటనే థిన్నరు వాసన, బఠాణీ గింజంత పసుపు చుక్క. "అయ్యో, నా చేతులు విరిగిపోనూ!" అని పైకే అనేసింది. అది ఎవడో అంటించిన మరక కాదు. ముసలాయన పెట్టుకున్న గుర్తు. చుక్క ఉన్న బండిని ర్యాంపు దగ్గరికి తీసుకుపొమ్మని ట్రక్కు డ్రైవరుకి చెప్పుంటాడు. వాడికి ఏ బండి మీదా చుక్క కనబడలేదు. అడిగితే పరువు తక్కువని ఏదో ఒకటి తోలుకుపోయి ఉంటాడు.

గట్టు మీద నుంచి మెగాఫోను గొట్టంలో హాల్పర్న్ అరుపు వినబడింది. "కెమెరాలు! అందరూ నోరు మూసుకోండి!"

నాలుగు కెమెరాలు. ఒకటి తిరిగింది, రెండోది తిరిగింది అని ఆపరేటర్లు ఒకరి తరవాత ఒకరు కేకలు పెడుతున్నారు. ఆర్డిత్ "ఆపండి!" అని గొంతు చించుకుంది. పావు మైలు దూరం, ఎదురుగాలి, పైగా అవతల క్లీట్ ఇంజను రంకె వేస్తోంది. పరిగెత్తినా వేళకి చేరడం కుదరదు. ఆమె చేతికి వాకీటాకీ ఇవ్వరు, రంగులేసే మనిషికి వాకీటాకీ ఎందుకని.

తాళాలు మాత్రం కారుకే ఉంటాయి. షూటింగు బండ్ల తాళాలు ఎవరూ తీయరు.

ఎక్కి తిప్పింది. ఇంజను అందుకుంది కానీ తోక బరువుకి బండి బద్ధకంగా కదిలింది. "కదలవే, కదలవే తల్లీ," అంటూ పెడలుని నేలకి తొక్కింది. గోడౌను మూల తిరిగేసరికి ఎర్రజెండా దిగిపోయి ఉంది. కుడివైపు నుంచి నేరేడు రంగు కారు దుమ్ము లేపుకుంటూ వచ్చేస్తోంది. ఎడమవైపు ర్యాంపు, దాని అవతల ముప్ఫై అడుగుల లోతు కాలవ. ఆర్డిత్ చేనుకి అడ్డంపడి, గుంతల్లో తల పైకప్పుకి కొట్టుకుంటూ, తిన్నగా రోడ్డు మీదికి తోలి, అడ్డంగా ఆపింది. బెల్టు పెట్టుకోలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. పెట్టుకునే వ్యవధి లేదు. స్టీరింగు పట్టుకుని కూచుంది, కళ్ళు మాత్రం మూసుకోలేదు.

క్లీట్ చూశాడు. బ్రేకు తొక్కి స్టీరింగుని ఒక్క గుంజు గుంజాడు. టైర్లు కీచుమన్నాయి, బండి పక్కకి తిరిగిపోయి, తోక గిర్రున జారుతూ జారుతూ వచ్చి ఆగింది. రెండు కార్ల తలుపుల మధ్య జానెడు జాగా మిగిలింది.

మొదట వినబడింది హాల్పర్న్ గొంతే. "కప్పండి! ఒకదాన్ని కప్పండ్రా ముందు! రెండు కార్లు ఒకే ఫ్రేములో, దేవుడా!" పరిగెత్తుకొచ్చి ఆమె కిటికీలో తల దూర్చాడు. "మొగుడి మీద కసి తీర్చుకోవడానికి నా షాటే దొరికిందా నీకు?"

"కసే ఉంటే కదలకుండా కూచునేదాన్ని కదయ్యా, బుర్రలేని మనిషీ!" అంది ఆర్డిత్. "సీసం ఈ బండిలో ఉంది. అతను ఎక్కింది ఖాళీ బండి!"

క్లీట్ వల విప్పుకుని దిగాడు. తన బండి తోకని అదిమాడు. ఊగింది. ఆమె బండి తోకని అదిమాడు. ఊగలేదు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"తిప్పినప్పుడు అనుకున్నాను," అన్నాడు మెల్లగా. "తోక మరీ తేలిగ్గా జారిందేమిటా అని."

లోంజో ఆయాసపడుతూ వచ్చి బంపరు కింద వంగి చూశాడు. రెండో బండి కిందా చూశాడు. "చుక్క పెట్టానురా. నా చేత్తో పెట్టాను. ఏమైందది?"

"ఏమీ కాలేదు, నువ్వు పెట్టలేదు," అన్నాడు హాల్పర్న్. "ముసలాడివైపోయావు లోంజో. మతిమరుపు. సామాన్లు సర్దుకుని ఇంటికి పో, ఇంకెవడినీ చంపకముందే."

లోంజో తన బొటనవేలి వంక చూసుకుంటున్నాడు, అది కూడా తనని మోసం చేసిందా అన్నట్టు. నిజంగానే మర్చిపోయానేమో అన్న అనుమానం ఆయన మొహంలో కనబడింది. అది చూసి ఆర్డిత్ ప్రాణం ఉసూరుమంది.

"పెట్టాడు," అంది కారు దిగుతూ. "నేను తుడిచేశాను. మరకనుకున్నాను. ఆయన తప్పేం లేదు, తప్పంతా నాదే. నన్ను క్షమించు బాబాయ్."

క్లీట్ ఆమె వంక అలా చూస్తూ ఉండిపోయాడు. ఎన్ని తిట్లయినా పడడానికి సిద్ధపడింది ఆమె.

"టైమెంతయింది?" అన్నాడు క్లీట్.

"మూడూ నలభై రెండు," అన్నారెవరో.

"అయితే ఉంది. ఈ బండినే గీత దగ్గర పెట్టించండి." అని ఆమె వైపు తిరిగాడు. "నువ్వెళ్ళి పసుపు రంగు పట్రా. చుక్క పెట్టు. చిన్నది కాదు, ర్యాంపు దగ్గరున్నవాడికి కూడా కనబడాలి."

"కెమెరాకి పడుతుంది!" అన్నాడు హాల్పర్న్. "ఇందాకటి షాట్లలో లేదు కదా ఆ చుక్క!"

"పడనీ. అది లేకపోతే నేను ఎక్కను. నీకు షాట్ కావాలా వద్దా?"

ఆర్డిత్ లోంజో రంగు డబ్బా తెచ్చి, రోడ్డు మీద మోకాళ్ళ మీద కూచుంది. ఇన్నాళ్ళూ ఒక్క మచ్చ పడనివ్వని చేత్తో, బంపరు నడిమధ్యన, అరచెయ్యంత పసుపు రంగు పులిమింది. అంచులు వంకరపోయాయి. లోంజో వంగి చూసి, "ఇది చెరపాలంటే ఉలి కావాలి," అన్నాడు. నవ్వుదామనుకున్నాడు గానీ నవ్వు రాలేదు.

ఈసారి ఆమె గోడౌను వెనక్కి పోలేదు. ఒట్టు గట్టున పెట్టి, లోంజో పక్కనే నిలబడింది. జెండా దిగింది. బండి ర్యాంపు ఎక్కి లేచింది, ముక్కు వాలకుండా, అలా బల్లపరుపుగా కాలవ దాటి, అవతలి గట్టు మీద నాలుగు చక్రాల మీదా పడింది. బండి నడుం విరిగిన చప్పుడొచ్చింది. దుమ్ము. ఆ దుమ్ములోంచి ఒక చెయ్యి కిటికీ వల విప్పి బయటికొచ్చి ఊగింది. ఆర్డిత్ రోడ్డు మీద కూలబడి ఏడ్చింది.

కాసేపటికి హాల్పర్న్ వచ్చి, మర్యాదగానే, రేపట్నుంచి రావద్దని చెప్పాడు. ఆమె సరేనంది. ఏమని వాదిస్తుంది?

మరుసటి ఏడు ఆ సినిమా బేకర్స్‌ఫీల్డ్‌లో ఆడితే ఆర్డిత్ మధ్యాహ్నం ఆటకి ఒంటరిగా వెళ్ళింది. తెర మీద వేసిన పేర్లలో ఆమె పేరు లేదు. అది ముందే తెలుసు. కాలవ సీను వచ్చింది. నాలుగు కెమెరాలతో తీసింది కనక, బండిని అటునుంచీ ఇటునుంచీ, మెల్లగా, సాగదీసి చూపిస్తున్నారు. వెనకనుంచి చూపించినప్పుడు బంపరు మధ్యలో, తెర మీద గుమ్మడికాయంత, పసుపు మచ్చ.

వెనక సీట్లో ఎవడో పక్కవాడిని పొడిచాడు. "చూశావా చూశావా, ఇందాక లేదురా ఆ మచ్చ! చూస్తూండు, దిగాక మళ్ళీ ఉండదు. ఎవడో దద్దమ్మ. వీళ్ళకి ఉత్తరం రాయాలి."

ఆర్డిత్ వెనక్కి తిరిగింది. "ఆ దద్దమ్మని నేనే నాయనా," అంది.

అతను తెల్లబోయి ఏదో అడిగాడు. ఆమె వినిపించుకోలేదు. అప్పటికే తెర వైపు తిరిగిపోయింది. బండి ఇంకా గాల్లోనే ఉంది. అది క్షేమంగా దిగుతుందని ఈ హాల్లో అందరికంటే ఆమెకే బాగా తెలుసు. అయినా నాలుగు చక్రాలూ నేలని తాకేదాకా ఊపిరి పీల్చలేదు.