అత్తగారి కాళ్ళు తడవని పడవ

మా అత్తగారు అమలమ్మ సంచీ సర్దేసింది. వానలు మొదలయ్యేలోపు కొండపల్లిలో కూతురింటికి వెళ్ళిపోతుందట, మళ్ళీ క్రిస్మస్‌కి గానీ రాదట. "బుడమేరు వాగు పొంగి మళ్ళీ మన వీధిలోకొస్తే నేను ఆ చిల్లుల పడవ ఎక్కనమ్మా. కిందటిసారి నీళ్ళల్లో కూర్చోబెట్టి తీసుకెళ్ళారు. చచ్చినా ఎక్కను," అని తేల్చి చెప్పింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. రోజంతా పోట్లాడుకుంటాం, నిజమే. పులుసులో చింతపండు ఎక్కువైందని ఆవిడ, టీవీ సౌండు ఎక్కువైందని నేను. ఆవిడ లేకపోతే నేనెవరితో పోట్లాడాలి, గోడలతోనా? ఆవిడ వెళ్ళడం నాకు ఇష్టం లేదు, అంతే.

అందుకే మా ఆయన నతానియేలు "ఉండమ్మా, నీ కాళ్ళు తడవని పడవ నేనే చేస్తాను" అనగానే ఎగిరి గంతేశాను. ఆయన ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టే మనిషి. అల్యూమినియం రేకుని కాగితంలా మడుస్తాడు. ఇంటి పక్క ఖాళీ స్థలంలో రేకులు వంచి, అంచు మీద అంచు వేసి, రివెట్లు కొట్టి పడవ ఆకారం నిలబెట్టేశాడు. వీధి వీధంతా చూడ్డానికి వచ్చింది. ఆనందం పట్టలేక అందరికీ టీలు పోశాను.

ఇక మిగిలింది అతుకులు. బాత్రూం సామాన్ల షాపు నుంచి సిలికాన్ ట్యూబులు తెచ్చి బయటి నుంచి తెల్లగా పూసేశాడు. అది ఆరాక పడవని బోర్లించి, పైపుతో నీళ్ళు కొట్టి, లోపల దూరి చూసి, "చుక్క లేదు!" అని అరిచాడు.

"ఏవండీ, ఇది బస్సు టాపు కాదు," అన్నాను. "వాన పైన పడి జారిపోద్ది. కాలవ అలా పోద్దా? కిందే ఉండి నొక్కతా ఉంటది. తిప్పి, లోపల నీళ్ళు నింపి చూడండి."

"మా షెడ్డులో ప్రతి బస్సుకీ ఇలాగే చూస్తామే!"

"మీ బస్సులు ఎప్పుడన్నా కాలవలో తేలాయా?"

గొణుక్కుంటూనే తిప్పి నింపాడు. కాసేపటికి అతుకుల కింద సిలికాన్ ఉబ్బి, పొరలా ఊడొచ్చింది. రివెట్ల దగ్గర నీళ్ళు ధారకట్టాయి. అత్తగారు గుమ్మంలోంచి చూసి, లోపలికెళ్ళి, సంచీలో ఇంకో చీర పెట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది.

పక్కింటి సొలొమోను గారు వచ్చి, రెండు ముద్దలు కలిపి పిసికే పుట్టీ పెట్టమన్నారు, రాయిలా గట్టిపడుతుందని. మా ఆయన రేకుని బొటనవేలితో నొక్కి చూపించాడు.

"రేకు కదులుద్దండీ. రాయిలాంటిది పెడితే పగులుద్ది. బస్సు అద్దాలు అతికిస్తాం చూడండి, పీయూ అని, అది ఆరినా రబ్బర్లా సాగుద్ది. అదే పూస్తాను."

"ఎక్కడ పూస్తారు?" అన్నాను.

"అతుకు మీద. ఇంకెక్కడ?"

"ఓరి దేవుడా! కుక్కర్ గాస్కెట్ మూతలో పెడతామా, మూత బిగించాక బయట చుడతామా?"

ఆయన నన్ను చూశాడు. పడవని చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు.

"అయితే రివెట్లన్నీ పీకాలే!"

"పీకండి!"

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా!"

"ముందు నన్నెవరన్నా అడిగారా?"

పీకాం. ఆయన డ్రిల్లుతో రివెట్ల తలలు ఎగరగొడుతుంటే, నేను కూరగాయల కత్తితో సిలికాన్ గీకాను. అది కాస్త మిగిలినా దాని మీద ఇంకేదీ అంటుకోదట. వేళ్ళు బొబ్బలెక్కాయి. రేకుల మధ్య నల్లటి పీయూ తీగలా పరిచి, ప్రతి రివెట్టునీ అందులో ముంచి కొట్టాడు. బిగించే కొద్దీ అంచుల్లోంచి నల్లగా ఉబికింది. "వచ్చింది, వచ్చింది!" అని ఇద్దరం కేకలు పెట్టాం. బాగా ఆరనిచ్చి నీళ్ళు నింపితే, కింద పరిచిన న్యూస్‌పేపరు పొడిగానే ఉంది.

ట్రాలీ ఆటోలో ఏలూరు కాలువకి తీసుకెళ్ళాం. అత్తగారు గుణదల చర్చి తిరునాళ్ళకి కట్టే పట్టుచీర కట్టుకుని, సంచీతో సహా వచ్చింది. "కాళ్ళు తడిస్తే ఇటు నుంచి ఇటే కొండపల్లి బస్సెక్కుతాను," అంది.

పడవ తేలింది! మా ఆయన తెడ్డు వేస్తున్నాడు, ఒడ్డున మా వీధి వాళ్ళు ఈలలు వేస్తున్నారు. నేను మాత్రం అడుగు రేకు మీదే కళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. వంతెన దాటాం. ఇంకా పొడిగానే ఉంది.

"నీళ్ళు!" అంది అత్తగారు.

నిజమే. ఆవిడ కాళ్ళ కింద తడి. పట్టుచీర అంచు నానిపోయింది. మా ఆయన తెడ్డు పడేసి, మోకాళ్ళ మీద వంగి అతుకులు తడిమాడు. పొడి. రివెట్లు తడిమాడు. అవీ పొడే. నీళ్ళు మాత్రం పాకుతూనే ఉన్నాయి. నేను ఆవిడ కాళ్ళ పక్కనున్న సంచీ లాక్కుని చూస్తే, దాని అడుగు నుంచి బొట్లు! లోపల గుణదల కొండ మీద దీవించిన నీళ్ళ సీసా, మూత వదులై అడ్డంగా పడుంది. పడవ మీద చల్లడానికి తెచ్చుకుందట.

"అత్తయ్యా! కారింది పడవ కాదు, మీ సీసా!" అని పడీపడీ నవ్వాను. మా ఆయన రేకు మీదే చతికిలబడి నవ్వాడు.

ఆవిడ నవ్వలేదు. సీసాలో మిగిలిన నీళ్ళు అరచేతిలో పోసుకుని అతుకుల వెంట చల్లింది. తర్వాత నా చెయ్యి లాక్కుని బొబ్బల వేళ్ళు చూసింది.

"చీరలన్నీ తడిసిపోయాయే క్రిస్టినా," అంది. "ఇంటికెళ్ళగానే ఆరేయి."

"ఆరాక వెళ్ళిపోతారా?"

"వానలొచ్చేస్తన్నాయిగా," అంది అత్తగారు, కాళ్ళు హాయిగా చాపుకుంటూ. "ఇప్పట్లో ఆరవులే."